అమ్మకు షుగర్ వల్ల కంట్లో నీరు, రిపోర్టులో టీ3 తక్కువ: థైరాయిడ్ సరయ్యేదాకా కంటి సూది ఆపాలా?

వేటపాలెం అమ్మాయి

అందరికీ నమస్కారం. మా అమ్మకు 66 ఏళ్లు. షుగర్ వచ్చి 18 ఏళ్లు. మాది చేనేత ఇల్లు. నాన్న పోయాక నేత తమ్ముడు చూసుకుంటున్నాడు. కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం ఇప్పటికీ అమ్మ పనే. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు "పోగులు నడిమధ్యలో వంకర తిరిగినట్టు కనపడుతున్నాయే" అంది. బిగదీసి కట్టిన పడుగు వంకర తిరగడమేంటని ఒక్కో కన్నూ మూసి చూడమన్నాను. కుడికన్ను మూస్తే తిన్నగా ఉన్నాయట, ఎడమకన్ను మూస్తే వంకరట.

రెటీనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చుక్కలు వేసి చూశారు, కంటి లోపలి పొరలు చూపే ఓసీటీ స్కాన్ తీశారు. రెండు కళ్లలోనూ షుగర్ వల్ల రక్తనాళాలు దెబ్బతిన్నాయి, మధ్యరకం దశ అన్నారు. కుడికంట్లో చూపుకు ముఖ్యమైన మధ్యభాగంలో నీరు చేరింది. నెలకొకటి చొప్పున ముందు మూడు సూదులు వేసి, ఆ తర్వాత స్కాన్ చూసి చెబుతామన్నారు. మొదటిది అయింది. రెండోదాని తేదీ దగ్గరపడుతుండగా అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకిందని ఆసుపత్రిలో చేర్చుకుని నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఆ రోజుల్లో తిండి సరిగా తినలేదు, బాగా నీరసపడింది. డిశ్చార్జి రోజున అన్నీ కలిపిన ప్యాకేజీ పరీక్ష చేయించాం. ఈ థైరాయిడ్ సంగతి అందులోనే బయటపడింది.

రిపోర్టు ఇది. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ 7.2, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఫ్రీ టీ4 1.1, నార్మల్ అని ఉంది. మొత్తం టీ3 62, పక్కన 80 నుంచి 200 ఉండాలని ఉంది, ముద్దక్షరాల్లో వేశారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.6. హిమోగ్లోబిన్ 9.8. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ 142. బీపీ ఇంట్లో మిషన్‌తో చూస్తే 150/90 దగ్గర ఉంటోంది. ఐరన్ మాత్రలు కొత్తగా రాశారు.

మా పిన్ని కొడుకు మందుల షాపులో పనిచేస్తాడు. రిపోర్టు చూసి థైరాయిడ్ మాత్రలు, 50 మైక్రోగ్రాములవి, ఒక సీసా ఇచ్చాడు. థైరాయిడ్ నార్మల్ అయ్యేదాకా కంటికి సూదులూ ఆపరేషన్లూ ఏవీ చేయించకూడదన్నాడు. నాలుగైదు రోజులుగా అమ్మ వేసుకుంటోంది. పైగా రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే, షుగర్ వల్ల కళ్లు దెబ్బతిన్నవాళ్లలో టీ3 తక్కువున్నవాళ్లు త్వరగా చనిపోతున్నారని ఒక పరిశోధన గురించి కనబడింది. అప్పటి నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

సూది తేదీ దాటిపోయింది. ఏం చేయాలి? మాత్ర కొనసాగించాలా? టీ3 పెంచితే కళ్లు బాగవుతాయా?

నెల్లూరు పెద్దక్క

అమ్మాయీ, నాకు థైరాయిడ్ రెండో కాన్పు తర్వాత వచ్చింది, షుగర్ ఆ తర్వాత వచ్చింది. ఇన్నేళ్లుగా రెండూ మోస్తున్నా. మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టర్లు చెప్పాలి, నేను చెప్పను. వేసుకునే పద్ధతి మాత్రం చెబుతా, ఎందుకంటే మందుల షాపుల్లో ఇది చెప్పరు.

పొద్దున్నే పరగడుపున, ఒట్టి నీళ్లతో. ఆ తర్వాత అరగంట, కుదిరితే గంటదాకా కాఫీ, టీ ఏదీ ముట్టకూడదు. మీ అమ్మకు ఐరన్ మాత్ర రాశారన్నావు చూడు, అదీ ఇదీ కలిపి వేస్తే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. రెండింటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఎముకలకని క్యాల్షియం ఇచ్చినా అంతే. మా ఆడపడుచుకు డోసు పెంచుకుంటూ పోయారు, టీఎస్‌హెచ్ దిగలేదు. చివరికి చూస్తే టిఫిన్ ముందు మాత్ర, టిఫిన్ అవగానే క్యాల్షియం.

ఇంకోటి. జుట్టుకీ గోళ్లకీ అని అమ్మే బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు ఆపాలి. వాటివల్ల థైరాయిడ్ అంకెలే తప్పుగా వస్తాయి. మా డాక్టరమ్మ ప్రతిసారీ అడుగుతుంది.

కంటి సూది మాత్రం ఎవరో చెప్పారని ఆపకు తల్లీ. ఆ కంటి డాక్టరుకు ఒక్క ఫోన్ చెయ్యి ముందు.

ఖమ్మం ఫిజీషియన్

అమ్మా, మీరు వివరాలన్నీ రాయడం వల్ల చాలావరకు సూటిగా చెప్పగలను. మీ డాక్టర్ల స్థానంలో నన్ను పెట్టుకోవద్దు. ఇది చదివి వాళ్లను ఏం అడగాలో తెలుసుకోండి.

ముందు కన్ను. రేపే రెటీనా డాక్టరుకు ఫోన్ చేసి కొత్త తేదీ తీసుకోండి. కంట్లో వేసే ఆ సూదికి మత్తు చుక్కలు చాలు, కొద్ది నిమిషాల పని. టీఎస్‌హెచ్ 7 ఉందని దాన్ని వాయిదా వేయరు. మీ అన్నయ్యో తమ్ముడో విన్నమాట ఎక్కడిదంటే, థైరాయిడ్ బాగా పడిపోయి ఫ్రీ టీ4 కూడా తక్కువగా ఉన్నవాళ్లకు పూర్తి మత్తు ఇచ్చి చేసే పెద్ద ఆపరేషన్లు కొన్నాళ్లు ఆపుతారు. అమ్మది ఆ పరిస్థితి కాదు. కంటి డాక్టరుకు తప్పక చెప్పాల్సినవి వేరే ఉన్నాయి: జ్వరం, ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాయా, యాంటీబయాటిక్ కోర్సు అయిందా, ఈమధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చాయా. ఆ సూది మందు ప్రభావం సుమారు నెల ఉంటుంది. తేదీ దాటేకొద్దీ ఆరిన నీరు మళ్లీ చేరవచ్చు. మధ్యభాగంలో నీరు నెలల తరబడి నిలిచిపోతే అక్కడి కణాలు దెబ్బతింటాయి, ఆ తర్వాత నీరు ఆరినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక రిపోర్టు. అది తప్పు పరీక్ష కాదు గానీ చేయించిన సమయం సరైంది కాదు. మన ఒంట్లో పనిచేసే టీ3లో ఎక్కువ భాగం థైరాయిడ్ గ్రంథి నుంచి నేరుగా రాదు. గ్రంథి ప్రధానంగా టీ4 ఇస్తుంది. కాలేయం, మూత్రపిండాలు, కండరాలు వంటి చోట్ల ఎంజైములు దాన్ని టీ3గా మారుస్తాయి. పెద్ద జ్వరం వచ్చినా, తిండి తగ్గినా, షుగర్ బాగా అదుపు తప్పినా, కిడ్నీ మందగించినా ఆ మార్పిడి తగ్గిపోతుంది. నేత పని లేని నెలల్లో ఇంటి ఖర్చు బిగపట్టినట్టు, శరీరం తన ఖర్చు తగ్గించుకుంటుంది. దీన్ని వైద్యులు లో టీ3 సిండ్రోమ్ అంటారు. గ్రంథికి ఏ జబ్బూ ఉండదు. జ్వరం, ఇన్ఫెక్షన్, తిండి లేకపోవడం, కిడ్నీ: టీ3 తగ్గడానికి కావలసిన కారణాలన్నీ అమ్మకు ఒకేసారి వచ్చాయి. టీ3 62 కాకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

టీఎస్‌హెచ్ సంగతీ అలాంటిదే. పెద్ద జబ్బు నుంచి కోలుకునే రోజుల్లో టీఎస్‌హెచ్ కొంతకాలం పెరుగుతుంది, కొందరిలో 20 దాకా కూడా పోయి తనంతట తానే దిగుతుంది. కాబట్టి డిశ్చార్జి రోజు వచ్చిన 7.2ను పట్టుకుని జీవితాంతం వాడే మందు మొదలుపెట్టకూడదు. పూర్తిగా కోలుకున్నాక, ఆరు నుంచి ఎనిమిది వారాలకు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్లీ చేయించండి. యాంటీ టీపీవో అనే పరీక్ష ఒక్కసారి చేయిస్తే చాలు. అది పాజిటివ్ అయితే గ్రంథి మెల్లగా దెబ్బతింటోందని అర్థం. 2013లో వచ్చిన ఎనిమిది నగరాల సర్వేలో, అందులో మన హైదరాబాద్ కూడా ఉంది, 5376 మంది పెద్దవాళ్లను పరీక్షిస్తే దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడ్, అంటే గ్రంథి తక్కువగా పనిచేసే జబ్బు, ఉన్నట్టు తేలింది. అమ్మకూ నిజంగానే ఉండవచ్చు. ఉందో లేదో తేల్చుకున్నాకే మందు వేయాలి.

50 మైక్రోగ్రాముల మాత్ర గురించి మీ ఫిజీషియన్‌తో ఈ వారమే మాట్లాడండి. నా రోగి అయితే ఇప్పటికి ఆపమంటాను. 18 ఏళ్ల షుగర్ ఉన్న మనిషికి గుండె రక్తనాళాల్లో పూడికలు ఉండి కూడా నొప్పి తెలియకపోవచ్చు. అలాంటివారికి నిజంగా అవసరమైనా 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం, ముందు ఈసీజీ చూస్తాం. ఒక్కసారిగా 50 వేస్తే కొందరికి గుండెదడ, ఛాతీలో బిగుతు రావచ్చు. అమ్మకు అలాంటివి ఏమైనా ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అంతకుమించి ఆ మాత్రతో వచ్చే లాభం ఎంత అన్నది చూడాలి. 2017లో ట్రస్ట్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువగా, ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉన్న 65 ఏళ్లు దాటిన 737 మందికి కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. టీఎస్‌హెచ్ అంకె దిగింది, నీరసం మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉంది. టీఎస్‌హెచ్ 10 దాటితే, లేదా ఫ్రీ టీ4 పడిపోతే లెక్క వేరు, అప్పుడు మందు వేయాల్సిందే.

హెచ్‌బీఏ1సీ గురించి ఒక మాట. ఇది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. ఐరన్ లోపం వల్ల రక్తం తగ్గితే, హైపోథైరాయిడ్ ఉంటే, కణాలు ఎక్కువకాలం తిరుగుతాయి, అంకె అసలుకన్నా ఎక్కువ చూపించవచ్చు. హిమోగ్లోబిన్ 9.8 ఉన్న మనిషిలో 8.6ను గుడ్డిగా నమ్మి మందులు పెంచుకుంటూ పోతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. గ్లూకోమీటర్‌తో పరగడుపునా, తిన్న రెండు గంటలకూ కొన్ని రోజులు చూసి రాసిపెట్టండి. ఆ కాగితం మీ డాక్టరుకు 8.6 కన్నా ఎక్కువ చెబుతుంది. క్రియాటినిన్ కూడా మళ్లీ చేయించాలి. జ్వరం వల్ల పెరిగిందా, ముందునుంచీ ఉందా తెలియాలి. 1.4 అలాగే నిలిస్తే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ డోసు తగ్గించాల్సి రావచ్చు.

అమ్మ కంటికి థైరాయిడ్ కన్నా పెద్ద శత్రువు ఆ 150/90. 1998లో బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే పరిశోధన ఫలితాల్లో, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో బీపీ సగటున 154/87 ఉన్న వర్గంకన్నా 144/82 దగ్గర ఉంచిన వర్గంలో రెటినోపతి, అంటే షుగర్ వల్ల వచ్చే ఈ కంటిజబ్బు, ముదరడం మూడోవంతు తక్కువగా ఉంది. పది పాయింట్ల తేడాకు అంత. మీ రాతలో బీపీ మాత్ర పేరే లేదు. ఉందా?

విజయవాడ రిటైర్డ్ కండక్టర్

నేను డాక్టర్ని కాదు, నా అనుభవం చెబుతాను. నాకు షుగరూ ఉంది, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బూ వచ్చింది, గ్రేవ్స్ అంటారు. కళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి, ఎర్రబడ్డాయి, ఒక మనిషి ఇద్దరుగా కనబడేవాడు. ఇంట్లోవాళ్లంతా షుగర్ కళ్లకు కొట్టిందన్నారు. తీరా చూస్తే అది థైరాయిడ్ కంటిజబ్బు, కంటిగుడ్డు వెనకున్న కండరాలు, కొవ్వు వాస్తాయి. షుగర్ జబ్బు కంటి లోపలి పొరలో వస్తుంది, బయటికి ఏమీ కనపడదు. రెండూ వేరు. సిగరెట్ దాన్ని ముదరబెడుతుందని డాక్టర్ చెప్పగానే మానేశాను.

ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, అప్పుడు నా షుగర్ మాత్రల్లో ఒకదాన్ని మా డాక్టర్ వెంటనే మార్చారు. అందులో పయోగ్లిటాజోన్ అనే మందు కలిసుంది. థైరాయిడ్ కంటిజబ్బుకు అది మంచిది కాదు, పైగా రెటీనాలో నీరు చేరేవాళ్లకూ అది పడకపోవచ్చు అన్నారు. మూడు మందులు కలిపిన మాత్రల్లో అది ఉంటుంది, చీటీ మీద మాత్ర పేరే తప్ప ఈ పేరు కనపడదు. చెల్లెమ్మా, మీ అమ్మగారి షుగర్ మాత్ర అట్ట తిప్పి వెనక సన్న అక్షరాలు చదవండి.

వేటపాలెం అమ్మాయి

బాబాయ్ గారూ, మీరు చెప్పగానే అట్ట తిప్పి చూశాను. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటాజోన్ 15 అని ఉంది. అమ్మ దీన్ని రెండేళ్లకు పైగా వాడుతోంది. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతున్నాయని అంటూ ఉండేది. కూర్చుని కండెలు చుట్టడం వల్లే అనుకున్నాం.

డాక్టర్ గారూ, బీపీ మాత్ర ఉంది, టెల్మిసార్టన్ 40. ఆసుపత్రిలో క్రియాటినిన్ చూసి ఆపారు, మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు. కంటి ఆసుపత్రికి ఫోన్ చేశాను, శుక్రవారం రమ్మన్నారు. థైరాయిడ్ గురించి చెబితే "దాని కోసం ఆగక్కర్లేదు, తీసుకురండి" అన్నారు.

ఒక్కటి మాత్రం మనసును వదలడం లేదు. ఆ పరిశోధన. టీ3 తక్కువున్నవాళ్లు త్వరగా పోతారన్న మాట నిజమేనా?

ఖమ్మం ఫిజీషియన్

ముందు మాత్ర. కండక్టర్ గారు చాలా విలువైన మాట చెప్పారు. పయోగ్లిటాజోన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడుతుంది. పాదాల వాపు దానివల్ల కావచ్చు, రెటీనాలో నీరు చేరడానికీ అది తోడు కావచ్చు. కంటి మధ్యభాగంలో నీరున్న మనిషికి నేను దాన్ని కొనసాగించను. అమ్మ షుగర్ మందులు రాసే డాక్టరుకు అట్ట తీసుకెళ్లి చూపించి మార్పించండి, మీ అంతట మీరు ఆపితే షుగర్ పైకి ఎగబాకుతుంది. కొత్త మందుతో షుగర్‌ను ఒక్క నెలలో భారీగా దించే తొందర వద్దని కూడా చెప్పండి. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఉన్నట్టుండి దించితే రెటినోపతి కొంతకాలం ముదిరే అవకాశం ఉందని డీసీసీటీ అనే పాత షుగర్ పరిశోధన కాలం నుంచీ తెలుసు. మెట్టు మెట్టుగా దించాలి. టెల్మిసార్టన్ ఎప్పుడు మొదలుపెట్టాలో అదే రోజు అడగండి. క్రియాటినిన్, పొటాషియం చూసి చెబుతారు.

ఇప్పుడు ఆ పరిశోధన. మీరు చదివిన విషయం అబద్ధం కాదు. టీ3 తక్కువగా ఉన్నవాళ్ల గతి అంత బాగుండదని చాలా జబ్బుల్లో చూశారు. 2003లో ఇటలీ వైద్యులు గుండె రోగుల్లో ఇదే చూపించారు. 2010లో చైనా నుంచి వచ్చిన పరిశోధనలో, షుగర్ ఉన్నవాళ్లలో టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగినవాళ్లకు చూపు పోగొట్టే దశ రెటినోపతి ఎక్కువగా కనబడింది. షుగర్ వల్ల కళ్లు దెబ్బతిన్నవాళ్లు అసలే గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ జబ్బుల ముప్పు ఎక్కువున్న గుంపు. కంటి లోపల కనబడే ఆ సన్నటి నాళాల పరిస్థితే కిడ్నీలోనూ ఉంటుంది. ఆ గుంపులో టీ3 కొలిస్తే ఎవరికి తక్కువ వస్తుంది? కిడ్నీ మందగించినవాళ్లకు, గుండె బలహీనపడినవాళ్లకు, తిండి తినలేనివాళ్లకు, ఆసుపత్రి నుంచి ఇప్పుడే బయటపడినవాళ్లకు. కొన్నేళ్ల తర్వాత లెక్క చూస్తే వాళ్లలోనే మరణాలు ఎక్కువ కనబడతాయి. టీ3 అక్కడ జబ్బు ఎంత బరువుగా ఉందో చూపిస్తోంది. దాన్ని మందుతో పైకి లేపితే ప్రాణం నిలుస్తుందని ఆ లెక్క చెప్పడం లేదు. వయసు, కిడ్నీ, పొగాకు లాంటివి గణితంలో సర్దుబాటు చేస్తారు గానీ, ఒక మనిషి ఎంత చిక్కిపోయాడో పూర్తిగా ఏ సర్దుబాటులోకీ రాదు.

అలాగని థైరాయిడ్‌కూ కంటికీ సంబంధమే లేదనను. నిజమైన హైపోథైరాయిడ్‌లో ఎల్‌డీఎల్ పెరుగుతుంది, రక్తనాళాల లోపలి పొర సరిగా సడలదు, సన్న నాళాల నుంచి నీరు, ప్రోటీన్ బయటికి కారడం ఎక్కువవుతుంది, కిడ్నీ వడపోత తగ్గుతుంది. ఇవన్నీ రెటీనాకు చెడ్డవే. అందుకే జబ్బు ఉన్నట్టు తేలితే తప్పకుండా మందు వేస్తాం. కానీ రెటినోపతికి వైద్యం కోసం టీ3 గానీ టీ4 గానీ ఇవ్వమని ఏ వైద్య మార్గదర్శకమూ చెప్పదు. టీ3 మాత్రలు తెప్పించుకోవాలని మాత్రం ఆలోచించవద్దు. గుండెలయ తప్పడం, ఎముకలు పలచబడటం అమ్మ వయసులో పెద్ద ప్రమాదాలు.

ఎల్‌డీఎల్ 142కు మాత్రం ఇప్పుడే పని ఉంది. 18 ఏళ్ల షుగర్, రెటినోపతి ఉన్న మనిషికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడాల్సిందే. థైరాయిడ్ నిజంగా తక్కువైతే స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు ఎక్కువ రావచ్చు, దానికోసమైనా రెండో పరీక్ష మరిచిపోవద్దు. ఫెనోఫైబ్రేట్ అని రక్తంలో కొవ్వు తగ్గించే ఇంకో పాత మందు ఉంది. 2024లో స్కాట్లాండ్ నుంచి లెన్స్ అనే పరిశోధన వచ్చింది, ప్రారంభ దశ రెటినోపతి ఉన్న 1151 మందిలో కంటిజబ్బు ముదరడాన్ని అది 27 శాతం తగ్గించింది. కిడ్నీ సరిగా లేకపోతే డోసు తగ్గించాలి, మరీ తక్కువైతే వాడకూడదు. క్రియాటినిన్ మళ్లీ చూశాక రెటీనా డాక్టరునూ ఫిజీషియన్‌నూ ఇద్దరినీ అడగండి.

నెల్లూరు పెద్దక్క

శుక్రవారం సూది వేయించాక ఆ రోజు తలస్నానం, కంట్లో నీళ్లు పడటం లేకుండా చూసుకో. ఎరుపు, నొప్పి, చూపు ఇంకా మసకబారడం ఏదైనా పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా కంటి ఆసుపత్రికి వెళ్లు.

వేటపాలెం అమ్మాయి

అందరికీ మళ్లీ నమస్కారం. రెండో సూదీ మూడో సూదీ అయ్యాయి. నిన్న స్కాన్ తీశారు. కుడికంట్లో నీరు బాగా తగ్గింది గానీ పూర్తిగా ఆరలేదు, ఇంకో సూది వేద్దామన్నారు. ఎడమకంట్లో ఒకచోట కొత్తగా రక్తపు చుక్కలు కనబడ్డాయట, నాలుగు నెలలకు మళ్లీ చూస్తామన్నారు. పోగులు ఇప్పుడు కొంచెమే వంకరగా ఉన్నాయంటోంది అమ్మ.

ఫిజీషియన్ 50 మాత్ర ఆపేయమన్నారు, ఈసీజీ తీశారు, బాగానే ఉంది. పయోగ్లిటాజోన్ లేని మాత్రకు మార్చారు, పాదాల వాపు తగ్గింది. టెల్మిసార్టన్ మళ్లీ వేస్తున్నాం, బీపీ 134/80 దగ్గర ఉంటోంది. స్టాటిన్ మొదలైంది. క్రియాటినిన్ 1.1. హిమోగ్లోబిన్ 11. గ్లూకోమీటర్ లెక్కలు రాసి తీసుకెళితే డాక్టరుగారు ఆ పుస్తకమే ముందు చూశారు. పరగడుపున 120, 130 ఉంటున్నాయి.

థైరాయిడ్ మళ్లీ చేయించాం. టీ3 98. ఫ్రీ టీ4 1.2. టీఎస్‌హెచ్ 5.4. యాంటీ టీపీవో మాత్రం పాజిటివ్ వచ్చింది. మాత్ర ఇప్పుడు వద్దు, చూద్దాం అన్నారు. మా పిన్ని కొడుకు పాజిటివ్ అని చూసి మళ్లీ కంగారుపడుతున్నాడు. నేను ఏం చెప్పాలి?

ఖమ్మం ఫిజీషియన్

టీ3 98కి రావడం చూసి నిజంగా సంతోషంగా ఉందమ్మా. దానికి ఏ మందూ వేయలేదు, జ్వరం తగ్గింది, అమ్మ తిండి తింటోంది.

టీపీవో పాజిటివ్ అంటే గ్రంథి మీద శరీరమే దాడి చేస్తోందని. కొన్నేళ్లలో టీఎస్‌హెచ్ పెరిగే అవకాశం ఆ పరీక్ష నెగెటివ్ ఉన్నవాళ్లకన్నా ఎక్కువ. కాబట్టి మీ ఫిజీషియన్ చెప్పింది సరే, ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ చేయించండి. 10 దాటినా, ఫ్రీ టీ4 తగ్గినా, స్టాటిన్ వేళ తప్పకుండా వాడుతున్నా ఎల్‌డీఎల్ దిగకపోయినా ముందే కలవండి. యాంటీ టీపీవోను మళ్లీ మళ్లీ చేయించి డబ్బు పోసుకోవద్దు, ఆ అంకె పెరిగినా తగ్గినా వైద్యం మారదు. మీ పిన్ని కొడుక్కి ఇదే చూపించండి, మనసున్నవాడు కాబట్టే కంగారుపడుతున్నాడు. అమ్మ కడుపున పుట్టినవాళ్లకూ ఈ థైరాయిడ్ ముప్పు కొంత ఉంటుంది. మీరూ ఒకసారి టీఎస్‌హెచ్ చేయించుకోండి, ముఖ్యంగా పిల్లల కోసం ప్రయత్నించే ఆలోచన ఉంటే.

ఎడమకన్ను నాలుగు నెలల తేదీని క్యాలెండర్ మీద ఇప్పుడే రాసిపెట్టండి. ఈలోపు వారానికోసారి ఒక్కో కన్నూ మూసి అమ్మను ఆ పడుగు పోగులే చూడమనండి. ఎడమకంటితో చూసినప్పుడు కూడా వంకర మొదలైతే తేదీ దాకా ఆగొద్దు.